కొమురెల్లి తొట్టి

మిరుగు పోయినంక ఒక పగలు
కాజీపేట స్టాండుల, నల్ల కారు టాపు మీద
తోక ముంచి ముంచి గుడ్లు పెడుతున్నది తూనీగ.
"పిచ్చిదానా, గది నీళ్లు గాదే,"
తుడిచే గుడ్డతోటి అదిలించిండు కొమురెల్లి.

షెడ్డెనక పగిలిన తొట్టిల ముసురు నీళ్లు.
అండ్ల దిగింది.

దోమల మందోళ్లొస్తే
రేకు కప్పి దాచిండు.
మట్టిరంగు పిల్ల
దోమపిల్లల్ని తిని నలభై రోజులల్ల ఎదిగి
ఒక రాత్రి తుంగపోచెక్కి వీపు చీల్చుకున్నది.
పొద్దుగాల పోచకు ఒట్టి అంగీ.

సద్దుల బతుకమ్మ దాటింది, గాలి మళ్లింది.
మొగులు నిండ తూనీగలు, సముద్రం దిక్కు.
అవతల వానలట.
తిరిగొచ్చేది ఇది గాదు,
దీని మనుమరాలి బిడ్డ.
దారి ఎవలు చెప్తరో.

కారుల దేవుని బొమ్మ పక్కన
అగ్గిపెట్టెల ఆ అంగీ.
హన్మకొండ సవారీలు
ఎక్కుతున్నరు, దిగుతున్నరు.