పన్నెండు పుట్లు

పన్నెండు అని రాసిన చెయ్యి ఇదే.
ఇప్పుడు వణుకుతది గాని, అప్పుడు వణకలే.

పాకాల కాల్వ కింద మా ఊరు.
దొర పట్నం పారిపోయిన యేడు
తాడు పట్టి కొలిచి పంచుకున్నం:
ఎకరం పది గుంటలు, ఎకరం ఐదు గుంటలు.
ఆ రాత్రి ఓదెలు తన మడిల పండుకున్నడు,
గెట్టు మీద గాదు, మడిలనే.
తెల్లారి లేస్తే వీపంత రేగడి.

రెండు పంటలు తిన్నం.
మూడో కారుకు సంఘం పెద్దలొచ్చిండ్రు
రంగుల కాయితం ఒకటి పట్టుకొని.
ఎక్కడిదో మంచు దేశం,
ట్రాక్టరు మీద నవ్వే ఆడిమనిషి,
ఆమె ఎనక గెట్లే లేని గోధుమ చేను.
"మనం గూడ గెట్లు చెరిపెయ్యాలె" అన్నరు.
మేం చప్పుడు చెయ్యలే.
దాన్నే ఒప్పుకున్నట్టు రాసుకున్నరు.
ఏడో తరగతి చదివినోన్నని
పుస్తకం నా చేతుల పెట్టిండ్రు.

ఎడ్లన్నీ ఒక్క కొట్టంలకు రావాలె.
ఆ రాత్రే బొందయ్య కర్రెద్దు మెడ గంటకు
గుడ్డ చుట్టి, కేసముద్రం అంగడికి నడిచిండు.
కోతోనికి సగం ధరకు.
పొద్దుగాల వట్టి పలుపు తెచ్చి
కొట్టంల గుంజకు కట్టిండు.
"నా వంతు" అన్నడు.
నేను రాసిన: పలుపు, ఒకటి.

నాటేసినామెకు ఒక గీత,
ఒడ్డున బీడీ తాగినోనికి ఒక గీత.
ఆ కారు, కలుపు మాత్రం
ఎవలూ చెప్పకున్నా కలిసికట్టుగ పెరిగింది.

పైనుంచొచ్చినాయన అడిగిండు,
ఎన్ని పుట్లయితదని.
ఏడు అని నాలిక చివరి దాంక వచ్చింది.
పక్కూరు పదకొండు చెప్పిందట.
ఆయన కండ్ల దిక్కు చూసి
పన్నెండన్న.
చప్పట్లు. నా మెడల బంతిపూల దండ.

లెక్కల సగం బండ్లకెత్తిండ్రు: ఆరు.
మిగిలింది ఒక్క పుట్టి, నలభై ఇండ్లకు.
విత్తనమనాల్నా దాన్ని, తిండి అనాల్నా?

సారవ్వ కోసిన మడిల పరిగె ఏరుకున్నది.
దొర జమాన్లగూడ ఏరుకున్నది ఆమె.
దొర అన్నీ గుంజుకున్నడు గాని
పరిగె జోలికి రాలే.
ఉమ్మడి సొత్తు దొంగతనమన్నరు.
ఎండల నిలబెట్టిండ్రు, కొంగు ఇప్పించిండ్రు.
"రాయి" అన్నరు.
సారవ్వ, ఎన్నులు, సోలెడు.
ఆమె నన్ను తిట్టలే. ఎంత రాసిననో
వంగి చూసింది, చదువు రాదు గదా,
చూసి తలకాయ ఊపింది.
ఎండకాలం దాటలే.

మల్ల యేడు, అమాస చీకట్ల
పారలు వాటంతటవే లేచినట్టు లేచినయి.
దీపం లేదు, తాడు లేదు.
తెల్లారేసరికి గెట్లన్నీ
పాత జాగలనే, జానెడు తేడా లేకుండ.
కొట్టంల ఎడ్లు తక్కువుండె,
పలుపులు ఎక్కువుండె.

మొన్న నా మనుమరాలు చదివి చెప్పింది:
ఆ మంచు దేశంలగూడ గిట్లనే అయిందట,
ఎన్నులేరితే జైలు,
ఊర్లకూర్లు ఆకలికి పోయినయట.
నేనేం మాట్లాడలే.
అక్కడగూడ ఎవడో నా అసొంటోడు
ఏడు తెలిసీ పన్నెండు రాసి ఉంటడు.
వాని పేరేందో.

రంగుల కాయితం ఇంక నా దగ్గర్నే ఉన్నది.
అప్పుడు మా అవ్వ దాన్ని
గుమ్మి చిల్లుకు మెత్తింది, ఎలుకలు రాకుండ.
లోపల గింజ లేదు.
ట్రాక్టరు మీదామె
నవ్వుకుంటనే కావలి కాసింది.