కంచె కింది బాలయేసు

పాల ట్యాంకరు నడిపేవాడికి
ఊరు వెనకవైపు నుంచి తెలుస్తుంది.
కొరాయిట్‌లో ఎవరి కొట్టంలో దీపం ఎన్నింటికి వెలుగుతుందో,
ఎవరి కుక్కకు నేనంటే గిట్టదో,
ఈ ఏడు ఎవరి పాలు ఎంత తగ్గాయో
మీటరు చెబుతుంది, నేను రాసుకుంటాను.

లెనిహాన్ల పాలు సగానికి పడ్డాయి.
పద్నాలుగు నెలలుగా మబ్బు
బాకీ ఉన్నవాడిలా
వీధి మొగలోనే పక్కకు తిరిగిపోతోంది.

శనివారం వాళ్ల బ్రోనా పెళ్లి.
"శనివారం కలిసిరాదు" అంది నాయనమ్మ హొనోరా.
హాలు ఆ రోజే దొరికిందన్నారు.
ఆ ఒక్కటీ ఓడిపోయాక
మిగతా వేటినీ వదల్లేదు ముసలామె.
గౌను అంచులో గుర్రపు నాడా కుట్టించింది,
కొనలు పైకే ఉండాలి, లేకుంటే అదృష్టం కారిపోతుందట.
ఆకుపచ్చ రిబ్బను కట్టుకొచ్చిన పిల్లని
గుమ్మంలోంచే వెనక్కి పంపింది.
ముందురోజు సాయంత్రం
అలమారలోంచి బాలయేసును దించి
ఎర్ర అంగీ దులిపి
ముళ్లకంచె కింద నిలబెట్టింది,
వాన రాకుండా కాపలా.
పూటపూటా చినుకులు పడే దేశంలో పుట్టి
ఓడెక్కి వచ్చిన నమ్మకం అది.
ఇక్కడి నేల నోరు తెరుచుకుని ఉందని
దానికెవరూ చెప్పలేదు.

తెల్లవారుజామున మూడున్నరకి
నా లైట్లలో పడ్డాడు కోర్మాక్, పెళ్లికూతురి తండ్రి.
పైజమా, రబ్బరు బూట్లు,
భుజాన బాలయేసు,
తిరునాళ్లలో నిద్రపోయిన పిల్లాణ్ణి మోసుకొస్తున్నట్టు.
"మా అమ్మకు చెప్పకు" అన్నాడు.
"ఏం చూశానని?" అన్నాను.
పంపు షెడ్డులోకి వెళ్లాడు.
లోపల ఏదో ఠప్పుమంది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటాం మనం.

చర్చి మెట్ల మీద మొదటి చినుకు
రూపాయి బిళ్లంత పడింది.
ఎవరి దగ్గరా గొడుగు లేదు, అలవాటు తప్పిపోయింది.
మగవాళ్లు టోపీలు తీసి
బట్టతలలు పైకెత్తి నిలబడ్డారు.
అత్తగారు కోడలి నెత్తిన విరిచిన ఓట్ల రొట్టె
అక్కడే నాని జావైంది.
రాత్రి హాల్లోకి, ఆచారం ప్రకారం,
పిలవని ముసుగువాళ్లు దూకారు.
గడ్డి తొడుక్కుని రావాలి వాళ్లు.
మోపు ఖరీదు తెలిసినవాళ్లు గనక
గోనెసంచులు తొడుక్కొచ్చారు.
బ్రోనా ఆడుతున్నంతసేపూ
ముసలామె కళ్లు ఆ పిల్ల పాదాల మీదే.
రెండూ ఒకేసారి నేల వదిలితే
ఎవరో ఎత్తుకుపోతారట.

ఆదివారం నేను గొట్టం బిగిస్తుంటే
షెడ్డులోంచి వచ్చింది హొనోరా,
ఒక చేతిలో మొండెం, ఒక చేతిలో తల.
"దానంతటది విరిగితే మహా శుభం" అంది.
"దానంతటదేనా?"
కోర్మాక్ తన బూట్లను చూసుకున్నాడు.
నేను మీటరును చూశాను.
ఆమె తల జేబులో వేసుకుని
"నీ గొట్టం కారుతోంది, చూసుకో" అంది నాతో.