ముఖ్యం కాని ఖర్చులు

విల్నియస్ బ్యాంకు ఉత్తరంలో
మా జట్టు పేరెక్కడా లేదు.
"ముఖ్యం కాని ఖర్చులు" అని మాత్రం ఉంది,
పక్కన ఒక అంకె,
అంకె కింద ఎర్ర గీత.

పదిహేడేళ్ళుగా ఈ పాల ఫ్యాక్టరీ పద్దులు రాస్తున్నాను.
జున్ను ఒక పుస్తకం, వెన్న ఒక పుస్తకం,
బాస్కెట్‌బాల్ మూడోది.
మొదటి రెండూ దాన్ని మేపుతాయి.
వెన్న ధర బాగున్న రోజుల్లో
మా ఓనరు రిమ్వీదాస్
ఏడడుగుల మనిషిని తెచ్చేవాడు,
ఇంకొకడు ట్రాక్టరు తెచ్చుకున్నంత తేలిగ్గా.
ఆదివారం చర్చి కంటే ముందు హాలు నిండేది.
బేకరీలో ఆయన దగ్గర డబ్బు పుచ్చుకునేవాళ్ళు కాదు.

ఈ ఏడు వెన్న పడిపోయింది.
గ్యాసు బిల్లు లేచింది.
గోరుచుట్టు మీద రోకటిపోటు,
మంచు బరువుకి హాలు కప్పులో ఒక దూలం వంగింది.

జనవరి ముప్పై ఒకటి. అర్ధరాత్రికి బదిలీల గడువు.
ఆఫీసులో మేమిద్దరం, చల్లారిన బీట్‌రూట్ సూపు,
తెర మీద పదకొండు పేర్లు.
"కోచ్ కళ్ళతో చూడకు మిల్దా," అన్నాడు,
"నీ కళ్ళతో చూడు."

నా కళ్ళకి కనపడేది ఇదీ:
గింతౌతాస్, సెంటర్, ముప్పై నాలుగేళ్ళు, ఎడమ మోకాలు.
ఆడితే జీతం మాది.
ఆడలేడని డాక్టరు ఒక్క వాక్యం రాస్తే
అరవై శాతం బీమా కంపెనీది.
నిన్న పద్నాలుగు రీబౌండ్లు పట్టాడు.
ప్రతి రీబౌండూ మాకు నష్టమని
అంత పెద్ద హాల్లో తెలిసింది నాకొక్కదానికే.
చప్పట్లు కొట్టాను.

టెరెల్, బాల్టిమోర్ కుర్రాడు.
ఒప్పందంలో ఇల్లు, కారు, రెండు విమాన టికెట్లు.
ఉంచుకోవడం కంటే పంపడమే ఖరీదు.
కాబట్టి ఉంటాడు.
రేపు పత్రికవాళ్ళు దాన్ని నమ్మకం అంటారు.

ఇక తౌత్విలాస్.
పంతొమ్మిదేళ్ళు, అందరికంటే తక్కువ జీతం.
చూడకుండానే పాస్ ఇస్తాడు,
చీకట్లో స్విచ్చి ఎక్కడుందో తెలిసిన ఇంటివాడిలా.
స్పెయిన్ క్లబ్బొకటి లక్షా ఎనభై వేల యూరోలిస్తానంది.
వద్దనుకుంటూనే వేళ్ళు లెక్క కట్టాయి:
లీటరు ముప్పై సెంట్లు.
ఆరు లక్షల లీటర్లు.

రెండు నెలలుగా రైతులకి పాల డబ్బు ఇవ్వలేదు.
నలభై రెండు పేర్ల జాబితా,
ఎవరికీ చూపించని నాలుగో పుస్తకంలో.
ఇరవై ఆరో పేరు యువోజాస్.
నలభై ఆవులు. బాకీ పద్నాలుగు వేల నాలుగొందలు.
తౌత్విలాస్ తండ్రి.

రిమ్వీదాస్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.
బయట పాల ట్యాంకర్లు,
మంచు కప్పేసి ఏ బండి ఏదో తెలియడం లేదు.
"కుర్రాణ్ణి ఉంచుకుంటే?"
"వాళ్ళ నాన్న ఆవుల్ని అమ్ముకుంటాడు."
"అమ్మేస్తే?"
"వాణ్ణి అమ్మిన డబ్బే వాళ్ళ నాన్నకిస్తాం."
నవ్వుతాడేమో అనుకున్నాను.
పదకొండున్నరకి సంతకం పెట్టి
పెన్ను మూత కోసం చాలాసేపు వెతికాడు.
అది ఎడమ చేతిలోనే ఉంది.

శుక్రవారం ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.
జనం ఓనరు పేరు పట్టుకుని అరిచారు,
కప్పు గెలిచిన ఏడు అరిచిన పేరే,
గొంతులే వేరు.
ఆయన కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

సోమవారం యువోజాస్ వచ్చాడు.
బూట్లకి పేడ, పేడ మీద మంచు.
"మొత్తం ఇచ్చేశారే!" అన్నాడు,
రసీదు మీద అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు.
తర్వాత జేబులోంచి సీజన్ టికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.
మిగిలిన తొమ్మిది ఆటల డబ్బు వాపసిస్తారా?
ఇవ్వకూడదు. ఆ నియమం రాసింది నేనే.
ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను,
అతనే టికెట్టు తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీలెండి. గింతౌతాస్ ఉన్నాడుగా.
వాడి కోసమైనా వస్తాను."

డాక్టరు రాసిన వాక్యం
పొద్దుటినుంచీ నా సొరుగులో ఉంది.