ఇరవై డిగ్రీల గది

హమ్రియాల, మా వర్క్‌షాప్ రేకుల కింద
జులై మధ్యాహ్నం రెండింటికి
మైక్రోమీటర్ కూడ అబద్ధమాడుతది.

ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు నుంచి
పంపు బుష్షొకటి వాపసొచ్చింది,
చచ్చిన పిట్టను తెచ్చినట్టు గుడ్డల చుట్టుకొని.
నైలాన్. పోయిన నెల నేనే తిప్పిన.
నీళ్లు తాగి తాగి ఉబ్బి
తిరిగే షాఫ్టును గొంతు పట్టి ఆపింది.

"టెఫ్లాన్ వెయ్యరాదా?" అన్నడు కొనుగోళ్ల ఇద్రీస్
కాలిక్యులేటర్ మీంచి వేలు తియ్యకుండనే.
టెఫ్లాన్ మంచిదే.
యాసిడ్ల ముంచినా మొఖం మాడ్చుకోదు.
బరువు పెట్టి చూడు,
నిమ్మళంగ ఒరుగుతది, జరుగుతది,
నాలుగొద్దులకు ఉన్నకాడ ఉండదు.
డెల్రిన్ ఉన్నది, కొలత తప్పని నెమ్మదస్తుడు,
క్లోరిన్ నీళ్లను మాత్రం కడుపుల పెట్టుకోలేడు.
తెల్ల పాలిథీన్ దిమ్మె రాపిడికి రాజు,
వేడంటే పరుగు.

మెట్‌పల్లిల మా అమ్మ బీడీలు చుట్టేది.
తునికాకును వెలుగుకు పట్టి చూసేది:
తడి ఎక్కువైతే బూజు, తక్కువైతే చిట్లుడు.
కత్తెర ముట్టకముందే సగం ఆకులు పక్కకు పడేవి.
అడిగితే చెప్పేది కాదు, వేళ్లకు తెలుసనేది.
నాకు వేళ్లతోని తెల్వదు.
గ్రీజు మరకల డేటాషీట్ ఉన్నది,
రెండో పేజీల ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ కింద
తడి పీల్చుడు ఎంత శాతమో చదువుకుంట.

ఆఖరికి సాజన్ సార్ కాగితం మీద రాసిండు:
పీక్.
గోధుమపిండి రంగు కడ్డీ.
మీటరు ధర నా మూడు నెలల జీతం.
ఇద్రీస్ కాలిక్యులేటర్ బోర్ల పెట్టిండు.

దాన్ని బెదిరియ్యొద్దు.
పుట్టిన్నాటి బిగువు లోపల దాచుకొని ఉంటది,
తొందరపడి కోస్తే ఆ బిగువంత వంకరై బయటికొస్తది.
మొదలు ఓవెన్ల పెట్టాలె,
గంటకింత ఎక్కించి, గంటకింత దించాలె.
పైపైన తిప్పి, ఒక రాత్రి వదిలెయ్యాలె.
కొత్త ఇన్సర్ట్ పెట్టిన్నాడు
పొట్టు సేమ్యా లెక్క పొడుగ్గ జారుతది,
చేతికి వెచ్చగ.

మొదటి ముక్క రేకుల కింద సరిగ్గ వచ్చింది.
లోపటి ఇరవై డిగ్రీల గదిల
పొద్దుగాల కొలిస్తే
మిల్లీమీటర్ల ఎనిమిది వందోవంతులు మాయం.
నా ఒక నెల స్క్రాప్ డబ్బాల పడ్డది,
చప్పుడు కూడ పెద్దగ రాలే.

ఆ గదికి ఏసీ మా కోసం కాదు, ముక్కల కోసం.
అయినా కొలిచే వంకతోని
ఇద్దరిద్దరం పోతం. తలుపు మెల్లగ ఏస్తం.
గేజ్ బ్లాకుల డబ్బా ఊకెనే తెరిచి మూస్తం.

రెండో ముక్కను ఆ చల్లదనంల పండుకోబెట్టి
రూముకొచ్చిన రాత్రి, మేడ మీద పోశెట్టి అన్నడు:
"మనం గూడ పీకే గదరా,
ఎంత కాలినా కొలత మారం."
నేను నవ్వలే.
దానికి ఎంత వేడిదాక ఓర్చుకుంటదో
ముందే రాసిచ్చిన కాగితం ఉన్నది పోశెట్టీ,
అది దాటితే వాడొద్దని
లావు అక్షరాలల్ల ఉన్నది.
మనకు ఎవడు రాసిండు?
అతను తడి తువ్వాల నెత్తి మీదికి లాక్కున్నడు.

తెల్లారి కొలిచిన.
మూడు సార్లు, మూడు దిక్కుల.
సరిపోయింది.
నేను నమ్మక సాజన్ సార్‌ను పిలిచిన, ఆయన గూడ కొలిచిండు.

డబ్బాల నురుగు పరిచి పంపినం.
వారమైంది, నెలైంది, రంజాన్ దాటింది.
ప్లాంటు నుంచి ఫోన్ రాలే.
మా పనిల మెచ్చుకునుడంటే అదే.