తరుగు

హంటర్ రోడ్డుల షోరూమ్ మీద
పేరు పీకేసిండ్రు.
అక్షరాలున్న కాడ గోడ తెల్లగున్నది,
గడియారం విప్పిన మణికట్టు లెక్క.

లోపల మిగిలినయి మూడే బండ్లు.
ఒకటి మేనేజర్ బావమరిదికి పోయిందట.
ఒకటి డెమో బండి, సీటు మీద చాయ్ మరక.
మూడోది ఇటుక రంగుది,
అద్దానికి కాయితం:
రెండు లక్షల ఇరవై వేలు తగ్గింపు.

ఇరవై రెండేండ్ల సంది
ఎనుమాముల మార్కెట్ల కాంటా రాస్తున్న.
ధర ఒక్కపారి పడ్డదంటే
ముందుగాల బస్త అడుగున చెయ్యి పెడుత.
పైన తేజ ఉంటది, కింద తాలు ఉంటది.
గా అలవాటుకే కావచ్చు,
డోరు తెరిచి, కార్పెట్ లేపి, వాసన చూసిన.
సేల్స్ పిలగాడు వినీత్ నవ్వలేదు.
నవ్వితే లేచిపోదును.

"సామాన్లు దొరుకుతయా?"
"పదేండ్ల దాక ఇస్తమన్నరు మేడం."
"ఎవలు?"
"పోయినోళ్లు."
చెప్పి వాడే తల దించుకున్నడు.
అంగీ జేబు మీద కంపెనీ గుర్తు దారం విప్పేసిండు,
సూది బెజ్జాలు మాత్రం వరుసగున్నయి.

మా నాయినది ఆజంజాహి మిల్లు.
మిల్లు పోయినంక కూడ
ఇంట్ల ఒక దుప్పటి ఉండె, అంచుకు మిల్లు ముద్ర.
అమ్మ ఉతికి ఉతికి ముద్ర పోగొట్టింది,
బట్ట పోలే.
గిదంత వీనికి చెప్పుడెందుకని
బానెట్ తెరువుమన్న.

ములుగు రోడ్డు మెకానిక్ యాకూబ్ పాషా
చెప్పులు విడిచి బండి కిందికి దూరిండు.
కాళ్లు రెండే కనవడుతున్నయి.
శానసేపు చప్పుడు లేదు.
పానా తోటి ఒకపారి తట్టిండు,
ఒకపారి తనలో తానే "వాహ్" అన్నడు.
బయటికొచ్చి చేతులు తుడుసుకుంట
"ఇనుము మంచిది అక్కా, వారసులే లేరు" అన్నడు.

కాజీపేట బ్రిడ్జి దాక నడిపిన.
ఎక్కుడు కాడ మూడో గేరుల మూలగలేదు.
కింద రైలు పోతాంటే అద్దం ఎత్తిన,
అంత చప్పుడు బయటనే ఆగింది.
పక్క సీట్ల వినీత్ మెల్లగ అన్నడు,
"నేను అమ్మిన మొదటి బండి గీ రంగే మేడం."
ఇంకో కొలువు దొరికిందా అని అడుగబోయిన.
సిగ్నల్ పడ్డది.

బేరానికి కూసున్నం.
ఇంకో పది వేలు తగ్గిస్తనన్నడు,
సీటు కవర్లు ఇస్తనన్నడు.
పాషా నా చెవుల ఏదో అన్నడు.
"పది వేలు వద్దు బిడ్డా,
గోదాంల ఏమున్నయో చూపెట్టు" అన్న.

క్లచ్ ప్లేటు, రెండు పక్క అద్దాలు,
ఒంటి హెడ్‌లైటు, వైపర్లు, ఏడు ఆయిల్ ఫిల్టర్లు,
ఎందుకో తెల్వని రబ్బరు ముక్కలు.
అన్ని నా మిర్చి సంచిల కుక్కినం.
వినీత్ మూడుపార్లు తుమ్మిండు.

కొన్నోళ్లకు పెద్ద అట్ట తాళంచెవి ఇచ్చి
ఫోటో దించుతరట.
అట్ట మీది పేరు మీద తెల్లకాయితం అతికిచ్చిండ్రు.
తీసెటోడు కొలువు మానేసిండని
వాచ్‌మన్ మొగిలి తీసిండు,
ఆయన బొటనవేలు సగం పడ్డది.

ఇంటికి పోలే.
యార్డు గేటు తెరిపిచ్చి
బండిని వేబ్రిడ్జి ఎక్కిచ్చిన.
ఎర్ర అంకెలు కొద్దిసేపు అటిటు కొట్టుకొని నిలవడ్డయి:
వెయ్యిన్ని రెండు వందల ఇరవై కిలోలు,
నేను, పాషా, సంచి కలిపి.
"రకం ఏం రాయాలె అక్కా?" కిటికిలకెల్లి స్వరూప.
"బండి అని రాయి."
"తరుగు?"

కాయ తేమకు తీస్తం,
బస్త బరువుకు తీస్తం, మట్టికి తీస్తం.
పోయిన పేరుకు ఎంత తియ్యాలెనో
నా ఇరవై రెండేండ్ల పుస్తకాలల్ల లేదు.
"సున్నా పెట్టు" అన్న.

వెనుక సీట్ల పాషా
సంచి విప్పి ఫిల్టర్లు మళ్ల లెక్కవెడుతున్నడు.
ఆరే ఉన్నయంటడు.