తొమ్మిదో కిటికీ

పాత పటాలు ఎక్కడో బీరువాలో దొరికాయట.
అందుకే సరాయెవో పెద్ద పోస్టాఫీసు
ఉన్నదున్నట్టే మళ్ళీ కట్టాం.
మిలియాత్స్కా ఏటి కేసి చూసే ఆ ముఖం,
హాలు మీద గాజు కప్పు,
ఎండ పాలలా వడిసి దిగే చోటు,
ఇనుములో వంచిన తీగలు, కిటికీల వరస.
నేల నేను పరిచాను. రాతి పనివాణ్ణి.
రసమట్టంలో బుడగ నడిమధ్య నిలిచేదాకా
భోజనానికి లేచేవాణ్ణి కాదు.

ఆ మధ్యాహ్నం షెఫీకా వచ్చింది.
ముప్ఫై ఏళ్ళు తొమ్మిదో కిటికీలో కూర్చున్న మనిషి.
చేతిసంచీలోంచి ఉల్లికాడలు తొంగి చూస్తున్నాయి.
ఎవర్నీ అడక్కుండా తాడు దాటి,
కిటికీ ముందు నిలబడి,
చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు
కాలితో నేలంతా తడిమింది.

"ఇక్కడ గుంట ఉండాలి" అంది.

చక్రవర్తి కాలంనాటి రాయి.
పింఛన్ల వాళ్ళు, పార్సెళ్ళ వాళ్ళు,
జర్మనీ నుంచి మొగుడు పంపే డబ్బుకి
నెలనెలా వచ్చే ఆడవాళ్ళు,
వంతు రాక, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి
మారి మారి అరగదీసిన గుంట.
నేల కడిగిన రోజు అందులో దోసెడు నీళ్ళు నిలిచేవట.
ఆ నీళ్ళలో గాజు కప్పు, గోడ గడియారం,
ఒక్కోసారి దారి తప్పిన పావురం.
"టైము చూడాలంటే
నేను తల ఎత్తేదాన్ని కాదు, దించేదాన్ని."

తొంభై రెండు మే నెలలో కాలిపోయింది.
ఊళ్ళో ఫోన్లు మాట సగంలో చచ్చిపోయాయి.
మా అమ్మ పిన్నితో పాలపొడి సంగతి చెబుతోంది.
రిసీవరు చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది,
అవతల వాళ్ళు దగ్గి మళ్ళీ మొదలెడతారన్నట్టు.
గాజు కప్పు కరిగి కారిందని కొందరు,
పగిలి రాలిందని కొందరు.
షెఫీకా ఆ ఊసే ఎత్తలేదు.
గుంట ఏదీ, అంది మళ్ళీ.

పటంలో లేదమ్మా, అన్నాను.
పటం గీసిన నాటికి ఇక్కడ ఇంకా ఎవరూ నిలబడలేదు.
ఉలి ఉంది, గంట పని, చెక్కేదా?
నవ్వింది.
"నువ్వు చెక్కితే గిన్నె అవుతుంది."

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.
ఇప్పుడక్కడ కరెంటు బిల్లులు కడుతున్నారు.
నేను నెలకో స్టాంపు కొంటాను.
ఉత్తరం రాయడానికి నాకెవరూ లేరు,
కోటు జేబులో అతుక్కుపోయి ఉంటాయి.
వంతు వచ్చినా వెనకవాళ్ళని ముందుకు పంపి
ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతుంటాను.

సాయంత్రం అనీసా బక్కెట్టు కుమ్మరిస్తుంది.
నీళ్ళు తొమ్మిదో కిటికీ ముందునుంచి
ఎక్కడా ఆగకుండా గుమ్మం కేసి పోతాయి.
నా రసమట్టం అంత ఖచ్చితమైంది మరి.