జవాబుల పేజీ లేని పుస్తకం

హన్మకొండ చౌరస్తాల, ఫుట్‌పాత్ మీద
ముప్పై రూపాయలకు దొరికింది
ఈ జనరల్ నాలెడ్జ్ బుక్కు.
ఎనుక జవాబుల పేజీలు చినిగిపోయినయి.
ఎవరో పెన్సిల్‌తోని పెట్టిన టిక్కులున్నయి,
అందుల సగం నమ్మేటట్టు లేవు.

కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ ఫ్యాక్టరీల
నాది నైట్ డ్యూటీ.
గేటు కాడ ట్యూబులైటు, ఒక కుర్చీ,
కోసిన రాళ్ల తడి వాసన.
ఓదెలు పక్కన కూసొని బీడీ ముట్టిచ్చి
"సదువు, ఇంట" అంటడు.
నలభై ఏండ్లు ఉలి పట్టినోడు,
అంకెలు తప్ప అక్షరం రాదు.

గ్రానైట్ నగరమని దేనికి పేరు?
అబర్డీన్ కాడ టిక్కున్నది.
"అటుదిక్కు రాయి నలుపా, గులాబా?"
బూడిద రంగట.
"ఊరంత బూడిదైతే
మబ్బు పట్టిన్నాడు ఇల్లెట్ల దొరుకతది రా?"
ఆడ దినాం మబ్బేనట, తాతా.

స్కాట్లండుల చెరువును ఏమంటరు?
లాక్ అని రాసున్నది గాని
ఆడోళ్లు ఖబర్‌ల ఖ లెక్క
గొంతులకెల్లి తీస్తరట.
ఇద్దరం గరగర చేసినం.
కుక్క లేచి మా మొకాలు చూసింది.
ముందుగాల వచ్చింది ఓదెలుకే:
"లోఖ్."

జాతీయ జంతువు, ఒంటికొమ్ము గుర్రం.
లోకంల యాడా లేదు.
రాజముద్ర మీద మాత్రం దానికి గొలుసేసిండ్రు.
"లేనిదానికి గొలుసెందుకు?"
రెండు దమ్ములు గుంజి తనే అన్నడు,
"మన కోట తోరణం మీద హంసలు గూడ
ఎగురుతయా ఏంది."

పన్నెండువందల తొంభై ఆరుల
ఇంగ్లండు రాజు ఎత్తుకపోయిన పట్టాభిషేకపు రాయి
వాపస్ ఎప్పుడొచ్చింది?
టిక్కు లేదు. నాకెరికే.
ఏడువందల ఏండ్లకు.

బీడీ ఆరింది.
"ఏం రాయి?"
ఇసుకరాయి.
"రామప్ప గుడి లెక్క?"
అసుంటిదే.
"బరువు?"
కింటన్నర.
"గంతేనా! మనిద్దరం లేపుతం."
నడుమ ఒకపారి నలుగురు కాలేజీ పోరలు
దొంగతనంగ తెస్తుంటే
రెండు ముక్కలైందని చెప్పిన.
చానాసేపు మాట్లాడలే.
"అతికిచ్చింది ఎవలు?"

బుక్కుల రాజు పేరున్నది, సాలున్నది.
గా మేస్త్రి పేరు
నాలుగు ఆప్షన్లల్ల ఒక్కదాంట్ల లేదు.

నాలుగున్నరకు లారీ వచ్చింది.
ఇరవై టన్నుల బ్లాకు, మా ఊరి గుట్టది,
మొన్నటిదాక దాని మీద
మేకలు ఎండకు పండేటియి.
ఓదెలు సుత్తెతోని మూడు తావుల కొట్టి
చెవి ఆనిచ్చి ఇన్నడు.
పగులు లేదు.
డబ్బాల బ్రష్షు ముంచి
ఎర్ర పెయింటుతోని నంబరేసిండు.
కాకినాడ రేవుకట. ఆ తర్వాత
ఏ దేశమో సూపర్‌వైజర్‌కు గూడ తెల్వదు.

హుజూరాబాద్ దిక్కు
ఎనుకలైటు కనవడకుండ అయ్యేదాక నిలవడి
చేతికంటిన పెయింటు గోడకు తుడిసిండు.
"నంబరైతే రాసిన" అన్నడు,
"వాపసొస్తే గుర్తువడ్త."